పోశన్న పేరు రాసిన మూట

బహ్రెయిన్‌లో తుబ్లీ లేబర్ క్యాంపులో నాలుగో నంబరు గదిలో వండే పప్పుకి ఉన్న రంగు మిగతా ఏ గది పప్పుకీ ఉండేది కాదు. శుక్రవారం వంట వంతు పోశన్నది. పొద్దున్నే లేచి బట్టలు పిండి ఆరేసి, కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు నుంచి తెచ్చిన కందిపప్పు కడిగి పొయ్యి మీద పెట్టి, తన ట్రంకు పెట్టె తాళం తీసేవాడు. పెట్టెలో గుడ్డ సంచీ, సంచీలో పసుపు. చిటికెడు వేస్తే గిన్నెడు పప్పూ బంతిపువ్వు రంగుకి తిరిగేది. బజార్లో కొన్న పసుపు చెంచాల కొద్దీ పోసినా ఆ రంగు రాదని గదిలో ఎనిమిది మందీ ఒప్పుకున్నారు. అది మెట్‌పల్లి అవతల పోశన్న కొన్న రెండెకరాల్లో పండిన పసుపు. భార్య గౌరవ్వ ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి పంపించేది.

పంపించడమంటే పోస్టులో కాదు. సెలవు మీద ఊరికి పోయినవాడు తిరిగొచ్చేటప్పుడు నలుగురి ఇళ్ల మూటలు మోసుకురావాలి. ఇది ఎవరూ రాసిపెట్టింది కాదు, అలాగని తప్పించుకున్నవాడూ లేడు. పాత చీర గుడ్డలో సామాను పోసి, మూతి సూదీదారంతో కుట్టి, పైన నల్ల కలంతో మనిషి పేరూ దేశం పేరూ రాస్తారు. పేరు పడిందంటే ఆ మూట ఆ మనిషిది. మోసేవాడు కూడా దారిలో ఆకలేసి విప్పడు. గౌరవ్వకి చదువు రాదు. ఈ మూటల కోసమే 'పోశన్న, బహ్రెయిన్' అని రాయడం పక్కింటి పిల్ల దగ్గర నేర్చుకుంది. ఊరంతా దుబాయి అంటుంటే ఆమె ఒక్కతే పట్టుబట్టి బహ్రెయిన్ అని రాసేది. మూట దారి తప్పుతుందని భయం.

క్యాంపు గోడ అవతల రెండు వందల అడుగుల్లో తుబ్లీ సముద్రం. పేరుకే సముద్రం, అలల్లేని పాయ. వర్క్‌షాపుల నూనె, మురుగు వాసన. అందులో కాలు పెట్టాలని ఎవరికీ అనిపించదు. ఆ నీళ్లకి మాత్రం ఒక హక్కుంది. ఇక్కడ చెమటోడ్చి సంపాదించినవాడు చనిపోతే, ఆ రోజు పోటు వేళకి నీళ్లు గడప దాటి గదిలోకొస్తాయి. చీలమండల లోతున మంచం కింద తిరిగి, ఆ మనిషి వదిలిపోయిన దాంట్లో మూడో వంతు పుచ్చుకుని వెనక్కి పోతాయి. పుచ్చుకున్నదంతా ఉప్పవుతుంది. పెట్టెలోది ఒక్కటే కాదు. ఆ మనిషికి ఎక్కడ ఏది ఉన్నా సరే, ఊళ్లో ఇల్లయితే ఒక గోడ, భూమయితే ఒక చెక్క. నీళ్లొచ్చిన రోజు గదివాళ్లు చెప్పులు మంచాల మీదికి ఎత్తుకుంటారు, పోయాక నేల తుడుచుకుంటారు. శవంతో పంపే కాగితంలో సామాను జాబితా రాసే కంపెనీ గుమాస్తా నీళ్లు వచ్చి వెళ్లేదాకా కలం తియ్యడు.

మూడో వంతే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. భూమిలో నీళ్లున్న వైపే మొగ్గడం సముద్రం గుణం. బావి ఉన్న చెక్కే పోతుంది. బావి ఉప్పయ్యాక మిగిలిన రెండు వంతులూ పట్టా కాగితంలోనే ఉంటాయి.

అలా పోయిన భూముల్లో అచ్చిబాబుది ఒకటి. రాజోలు దగ్గర ఎకరం పొలం, బోరు. తొంభై ఒకటిలో అచ్చిబాబు పరంజా మీద నుంచి పడి చనిపోతే, మర్నాటి పొద్దున రాజోల్లో బోరు ఉప్పు కక్కింది. అతని భార్య వీరలక్ష్మి ఆ ఎకరం చుట్టూ ఒక ఏడాది తిరిగి, ఆ తర్వాత పాస్‌పోర్టు తీసుకుని తనే బహ్రెయిన్ వచ్చింది. జుఫైర్‌లో ఒక ఫ్లాటులో పని. అంట్లు, బట్టలు, వాళ్ల కుక్కకి స్నానం. శుక్రవారం మధ్యాహ్నం సెలవిస్తే బస్సెక్కి తుబ్లీ వచ్చి, అచ్చిబాబు పడుకున్న గదిలో కాసేపు కూర్చుని వెళ్లేది. ఆ గదే నాలుగో నంబరు. ఇంగ్లీషు సబ్బు వాసనేసే ఆమె పగిలిన వేళ్లకేసి పోశన్న పదేపదే చూసేవాడు. కుక్కని కడిగే బకెట్ దగ్గర వీరలక్ష్మి బదులు అతనికి గౌరవ్వ కనబడేది.

అందుకే తొంభై మూడులో పోశన్న ముందుచూపుతో ఒక పని చేశాడు. చేయించింది సోమేశ్వరరావు.

సోమేశ్వరరావు వర్క్‌షాపులో స్టోర్‌కీపరు. కోనసీమ మనిషి. ఇక్కడికి రాకముందు రిజిస్ట్రారాఫీసు అరుగు మీద దస్తావేజులు రాసే వాళ్ల దగ్గర పదహారేళ్లు పనిచేశాడు. మనిషికి ఆస్తి ఎంతుందని అడగడు గానీ, ఎవరి పేరున ఉందని అడగకుండా టీ కూడా తాగడు. చచ్చినవాడి ఆస్తి మీద పన్ను మన దేశంలోనూ ఉండేదనీ, దాన్ని ఎనభై అయిదులో ఎత్తేశారనీ, తుబ్లీకి ఆ కబురు చేరలేదనీ అనేవాడు. ఈ నీళ్ల పద్ధతులన్నీ అతనికి కంఠతా. వీలునామా రాస్తే లాభం లేదు, అది చచ్చాక ఇచ్చేది, చచ్చాక ఇచ్చేవన్నీ సముద్రం ముందే చూసుకుంటుంది. బతికుండగానే ఇవ్వాలి. ఇచ్చాక కనీసం ఏడాది బతకాలి. ఇంతమందికి ఇంత చెప్పినవాడు తన కొబ్బరితోట మాత్రం ఇంకా తన పేరునే ఉంచుకున్నాడు. ఎవరికివ్వాలో తేల్చుకోలేక ఏడుసార్లు చిత్తు రాసి ఏడుసార్లూ చింపాడు.

అతనే కూర్చుని పోశన్నకి దానపత్రం రాసిపెట్టాడు. ఎంబసీలో సంతకం, ముద్ర, ఊళ్లో తమ్ముడి చేత రిజిస్ట్రేషను. రెండెకరాలూ, మూడు గదుల ఇల్లూ గౌరవ్వ పేరుకి మారాయి. పోశన్న పేరున మిగిలింది ట్రంకు పెట్టె ఒక్కటే. ఆ రోజు అతను హాయిగా నిద్రపోయాడు.

రెండేళ్లు గడిచాయి. తొంభై అయిదు మార్చిలో పోశన్న కాళ్లు వాచాయి. మెట్లెక్కితే ఆయాసం. పెద్దాసుపత్రిలో ఫోటోలు తీసి, గుండె పెద్దదైందని చెప్పారు. బరువులు మొయ్యొద్దన్నారు, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకొమ్మన్నారు. ఎన్నాళ్లని అడిగితే డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి ఇంకో పేషెంటుని పిలిచాడట. మర్నాడు శుక్రవారం. పప్పు వండుతూ పోశన్న ఈ సంగతంతా సోమేశ్వరరావుకి చెప్పి, నాకేం భయం లేదు సారూ, అన్నీ మీరు అప్పుడే సర్దిపెట్టిన్రు కదా అన్నాడు.

సోమేశ్వరరావు కంచంలో అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు. తన వేళ్లకేసి చూసుకున్నాడు. గోళ్ల చుట్టూ పచ్చగా ఉంది.

"పోశన్నా, ఈ పసుపెక్కడిది?"

"ఎక్కడిదేంది సారూ, మా భూమిదే. గౌరవ్వ పంపింది."

"భూమి ఆవిడకి ఇచ్చేశావు కదా."

"ఇచ్చిన. ఇస్తే మాత్రం పసుపు పంపదా?"

సోమేశ్వరరావు కంచం పక్కకి జరిపాడు. పోశన్న సర్వహక్కులూ వదులుకున్నట్టు దానపత్రంలో అతనే రాసిన వాక్యం ఉంది. ఆ వాక్యం కింద కూర్చుని రెండేళ్లుగా ఆ పప్పే తిన్నాడు, ఒక్కరోజూ తట్టలేదు. పదహారేళ్ల అనుభవం మీద అతనికి అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

"ఇచ్చినవాడి చెయ్యి ఇచ్చినదాని మీద ఉన్నంతకాలం అది ఇచ్చినట్టు కాదు, పోశన్నా. పండింది నువ్వు తింటుంటే భూమి నీదే. కాగితం సముద్రం చదవదు."

"చిటికెడు పసుపుకా?"

"చిటికెడైనా."

గదిలో మిగతావాళ్లు తలలు వంచుకుని తిన్నారు. మరీ ఇంత సంగతి విన్నాక పప్పు వదిలేద్దామా అంటే ఆకలి, వాళ్లది కాదు కదా భూమి. పోశన్న గరిటె గిన్నెలోనే వదిలేసి మంచం మీద కూర్చున్నాడు. ఇప్పుడేం చెయ్యాలని అడిగాడు. చెయ్యాల్సింది చాలా చిన్నది. ఆ భూమిలోది గింజ కూడా నోట పెట్టకుండా ఏడాది బతకాలి. చావుకి వెనక ఏడాది శుభ్రంగా ఉండాలి. ఇవాళ తిన్న ముద్ద నుంచి లెక్క.

"అయితే ఇంటికి పోత సారూ. ఇగ నాకిక్కడేం పని. నా పెండ్లాం కాడ సస్త."

"ఆ ఇంట్లో ఎవరి కూడు తింటావు? ఎవరి కప్పు కింద పడుకుంటావు?"

పోశన్న ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. ఇల్లూ ఆమెదే. భూమీ ఆమెదే. ఆమెకి మిగలాలంటే ఆ గడప అతను తొక్కకూడదు. ఇంత కష్టపడి సంపాదించుకున్న చోటుకి మనిషి చావడానికైనా వెళ్లలేకపోవడం ఏం న్యాయమో సముద్రాన్ని అడగాలి, అడిగితే చెప్పేది కాదు.

గౌరవ్వకి చెప్పమని మల్లేష్ అన్నాడు. మల్లేష్ పోశన్న పక్క ఊరివాడు, పోశన్న పై మంచం అతనిది. పోశన్న ఒప్పుకోలేదు. "చెప్తే అది ఏమంటదో నాకెర్కే. భూమి పోతే పోనీ, నువ్వు రా అంటది. నేను పోత. అది ఈడికొచ్చి కుక్కలు కడుగుతది." ఆ మాట అన్నాక, వారం వారం లాగే వచ్చిన వీరలక్ష్మి అక్కడే ఉందని గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాడు. వీరలక్ష్మి ఏమీ అనుకోలేదు. అది నిజమేనని ఆమెకే బాగా తెలుసు.

పోశన్న ఆ సాయంత్రం పసుపు సంచీ తీసుకెళ్లి ఎదురుగది బంగ్లాదేశ్ వాళ్లకి ఇచ్చేశాడు. మరుసటి శుక్రవారం నుంచి వాళ్ల పప్పు పచ్చబడింది. నాలుగో నంబరు పప్పు మామూలు పప్పయింది. ఫోర్‌మన్ మంచివాడు, జబ్బు సంగతి ఆఫీసుకి ఎక్కనివ్వకుండా పోశన్నని గేటు డ్యూటీకి మార్చాడు. రోజంతా గేటు దగ్గర కుర్చీలో కూర్చోవడం, లారీ వస్తే గొలుసు తియ్యడం. గొలుసు తీసి వెయ్యడానికే ఆయాసపడేవాడు.

అతని ఉత్తరం ఊరికి చేరింది. ఇక నుంచి ఏమీ పంపొద్దు, ఇక్కడ అన్నీ దొరుకుతున్నయి అని రెండు వాక్యాలు. పక్కింటి పిల్ల చదివి వినిపిస్తే గౌరవ్వ ఇంకోసారి చదవమందట. ఎందుకు పంపొద్దో లేదు. ఎప్పుడొస్తాడో లేదు. రెండేళ్లకోసారి వచ్చే సెలవు ఆ ఏడు వచ్చింది, అతను రాలేదు. మనిషి ఏదో అలిగాడనుకుని ఆమె మరింత జాగ్రత్తగా మూట కట్టింది. భూమిలో పండిన నువ్వులతో చేసిన ముద్దలు, మక్క పిండి, కొత్త పసుపు. సెలవుకి పోయిన మల్లేష్ జులైలో ఆ మూట మోసుకొచ్చి పోశన్న ఒళ్లో పెట్టబోయాడు. పోశన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వాపస్ తీస్కపో."

"ఎట్ల తీస్కపోవాలె అన్నా, మళ్ల రెండేండ్లకి పోత నేను. వాసన జూడు, నెయ్యి పోసి చేసింది."

"నా పేరు కొట్టేసి ఎవరికన్న ఇయ్యి."

మల్లేష్ కలంతో ఆ పేరు మీద గీతలు కొట్టి మూట విప్పాడు. గదంతా నువ్వుల వాసన. పోశన్న లేచి గేటు దగ్గరికి పోయి, వాసన పోయేదాకా అక్కడే ఎండలో నిలబడ్డాడు. మల్లేష్‌ది దాచుకునే నోరు కాదు. వదినె మూటని అన్న ముట్టనే లేదని ఇంటికి ఉత్తరం రాశాడు. జబ్బు సంగతి చెప్పొద్దని పోశన్న ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి ఆ ఒక్కటి మింగి మిగతాదంతా రాశాడు. సగం నిజం మొత్తం అబద్ధం కన్నా పాడు చేసింది. ఊళ్లో ఆడవాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. దుబాయిలో ఇంకో పొయ్యి వెలిగి ఉంటుందని ఒకామె అననే అంది.

గౌరవ్వ ఇక మూటలు పంపలేదు. కట్టడం మాత్రం మానలేదు. అదేం మొండితనమో. పంట వచ్చినప్పుడల్లా పాత మూట విప్పేసి, కొత్తదాంట్లో అతని వాటా తీసి, గుడ్డలో పోసి, మూతి కుట్టి, 'పోశన్న, బహ్రెయిన్' అని రాసి ఇంటి మూల పెట్టుకునేది. దాని పక్కనే పడుకునేది. మనసు విరిగినవాళ్లు ఇలాంటి పనులే చేస్తారు.

ఇక్కడ పోశన్నకి తిండి పెట్టే పని వీరలక్ష్మి తీసుకుంది. శుక్రవారం రెండు డబ్బాలు తెచ్చేది. తెచ్చేది అన్నమూ పులుసూనే. "తినన్నయ్యా, ఇది ఏ భూమిదీ కాదు, కోల్డ్ స్టోర్ బియ్యం" అని ముందే చెప్పి మూత తీసేది. అతను నాలుగు ముద్దలు తిని ఆయాసంతో ఆపేవాడు. ఒకసారి మాటల్లో, నీ మొగుడు నీకు ముందే ఇచ్చిపోతే నువ్వు ఇప్పుడు ఊళ్లో ఉండేదానివి చెల్లె అన్నాడు. ఆయనకి ఇవ్వడం ఇష్టం లేక కాదు, పోతానని తెలీక అంది వీరలక్ష్మి. తెలిసినవాళ్లెవరు అని సోమేశ్వరరావు గొణిగాడు. అతని కొబ్బరితోట సంగతి ఎవరూ ఎత్తలేదు.

నెలలు గడిచాయి. వాపు మోకాళ్ల దాకా ఎక్కింది. తొంభై ఆరు ఫిబ్రవరి చివర్లో మల్లేష్‌కి ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఒక వాక్యం చదివి అతను ఉత్తరం మడిచేశాడు. మళ్లీ తీసి చదివాడు. చివరికి పోశన్న మంచం మీద పెట్టి బయటికి పోయాడు. గౌరవ్వ భూమి అమ్మేస్తోంది. కొనేది ఊరి పటేలు. తిననోనికి పండించుడు ఎందుకు అందట. భూమి అమ్మి, ఇంటికి తాళమేసి, బొంబాయిలో బట్టల మిల్లు కాడ ఉంటున్న అక్క దగ్గరికి పోతానందట.

పోశన్న చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీద ఫోను దగ్గరికి నడిచాడు. పది అడుగులకోసారి ఆగుతూ నడిచాడు. ఊళ్లో ఎస్టీడీ బూత్ ఉంది, పిలిస్తే గౌరవ్వని పిలుచుకొస్తారు. అతను కార్డు పెట్టి రిసీవరు ఎత్తేసరికి సోమేశ్వరరావు లుంగీ ఎగ్గట్టుకుని వెనకే వచ్చాడు.

"ఏం చెబుతావు?"

"అమ్మొద్దని చెప్త. ఇంకేం జెప్త."

"చెప్పు. నేనాపను. నువ్వు అమ్మొద్దంటే ఆవిడ ఆగిపోతుంది, అలాంటి మనిషే. అప్పుడు ఆ భూమి ఎవరి మాట మీద నడుస్తున్నట్టు?"

రిసీవరులోంచి గంట మోగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పోశన్న కళ్లల్లోంచి నీళ్లు కారాయి. ఏడాదిగా తిండి మానుకున్నాడు, ఇల్లు మానుకున్నాడు, మాట మానుకోవడం అన్నిటికన్నా కష్టమైంది.

"అమ్ముకుంటే?"

"అమ్ముకుంటుంది. ఆవిడ భూమి, పోశన్నా."

అవతల ఎవరో హలో అన్నారు. పోశన్న రిసీవరు పెట్టేశాడు. అతను గౌరవ్వకి భూమి ఇచ్చింది ఎంబసీలో కాదు, రిజిస్ట్రారాఫీసులో కాదు. తుబ్లీ రోడ్డు మీద, చెప్పుల్లేని కాళ్లతో, ఆ రిసీవరు పెట్టేసినప్పుడు ఇచ్చాడు. ఇచ్చాక అక్కడే రోడ్డు పక్క సిమెంటు గట్టు మీద కూర్చున్నాడు. సోమేశ్వరరావు కూడా పక్కన కూర్చున్నాడు. తను చెప్పిన సలహా సరైనదే అయినా అంత పాడు సలహా జన్మలో ఎవరికీ ఇవ్వలేదని అతనికి అనిపించింది.

మార్చి పదికి ఏడాది నిండింది. పోశన్న ఇంకా బతికే ఉన్నాడు. ఇప్పుడైనా పసుపు తెప్పించుకోవచ్చా అని అడిగాడు, నవ్వుతూనే. తెప్పించుకుంటే మళ్లీ మొదటి నుంచి ఏడాది అన్నాడు సోమేశ్వరరావు. నాకు అంత తీరిక లేదులే సారూ అన్నాడు పోశన్న.

ఏడాది నిండిన పంతొమ్మిదో రోజు శుక్రవారం. పొద్దున ఆరున్నరకి మల్లేష్ లేచి చూసేసరికి కింది మంచం మీద పోశన్న చెయ్యి అంచు దాటి వేలాడుతోంది. లేపితే లేవలేదు. ఆసుపత్రి బండికి ఫోను చేశారు. ఒకరు జుఫైర్‌కి కబురు పంపారు. మిగతావాళ్లు చెప్పులు మంచాల మీదికి ఎత్తుకుని పోటు కోసం ఎదురుచూశారు.

ఎనిమిది గంటలకి నీళ్లొచ్చాయి. గడప దాటి, సిమెంటు నేల మీద పాకి, పోశన్న ట్రంకు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాయి. మామూలుగా అయితే పెట్టె అడుగు నుంచి లోపలికి పోతాయి. ఈసారి పోలేదు. పెట్టె అంచుని తాకి కూడా చూడకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాయి. సోమేశ్వరరావు పెట్టె తెరిచాడు. నాలుగు చొక్కాలు, టార్చిలైటు, గడియారం, గౌరవ్వ కోసం కొన్న గొంగడి, అన్నీ పొడిగా ఉన్నాయి. ఒక్క గుండీ కూడా ఉప్పవలేదు.

ఎవరికీ సంతోషం కలగలేదు. సముద్రం వాటా వదులుకోవడం ఎవరూ ఎరగరు. ఇక్కడ పుచ్చుకోలేదంటే ఇంకెక్కడో పుచ్చుకుంది. సోమేశ్వరరావు తడి నేల మీదే కూర్చున్నాడు. ఎక్కడ తప్పాను అని లెక్క వేసుకున్నాడు. ఏ ముద్ద, ఏ మాట. ఆ హలో అన్న మనిషికి పోశన్న ఏమైనా చెప్పాడా, అదీ లేదు. వీరలక్ష్మి వచ్చి, డబ్బాలు గుమ్మంలో పెట్టి, పోశన్న కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆమెకి రాజోల్లో తన బోరు గుర్తొచ్చింది.

ఎనిమిదంటే మెట్‌పల్లి దగ్గర పదిన్నర. గౌరవ్వ ఇంటి ముందు పటేలు జీపు ఆగి ఉంది. పదకొండుకి రిజిస్ట్రేషను. ఆమె ఉతికిన చీర కట్టుకుని, పట్టా కాగితాలు సంచీలో పెట్టుకుని, తాళం చేతిలో పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఇల్లు వదిలిపోతున్నప్పుడు ఆ మూట మూలన ఎందుకు, తీసుకెళ్లి మెట్‌పల్లి మార్కెట్లో పడేద్దాం అనుకుంది. ఆ ఏడు పసుపు కొమ్ములు మంచిగా ఊరాయి. వెనక్కి వెళ్లి మూట ఎత్తబోయింది. కట్టినప్పటి కన్నా బరువుగా ఉంది. గుడ్డ తడిగా తగిలింది.

మూతి కుట్టు పళ్లతో కొరికి తెంపింది. లోపల పసుపు లేదు. కొమ్ములు కొమ్ములుగానే ఉన్నాయి, వేలెడు పొడుగున, కణుపులతో సహా, కానీ ఒక్కొక్కటీ తెల్లగా ఉంది. ఒకటి విరిచి నాలుక మీద పెట్టుకుంది.

జీపు డ్రైవరు గుమ్మంలోంచి చూశాడు. వెళ్లి ఇంజను ఆపేశాడు. గల్ఫుకి మనిషిని పంపిన ఊళ్లో ఉప్పంటే ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

గౌరవ్వ ఏడవలేదు, అప్పటికి. లేచి భూమికేసి నడిచింది. పటేలు, డ్రైవరు, దారిలో కలిసినవాళ్లు వెనక నడిచారు. బావిలోంచి బొక్కెన తోడి దోసిలితో తాగింది. నీళ్లు తియ్యగా ఉన్నాయి. నమ్మకుండా ఇంకో దోసిలి తాగింది. తర్వాత గట్టు వెంట పోతూ, నాలుగు అడుగులకోసారి వంగి, మట్టి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. రెండెకరాల నాలుగు మూలలా మట్టి మట్టిగానే ఉంది. చేతులు దులుపుకుని బావి దగ్గరికి తిరిగొచ్చేసరికి ఆమెకి అంతా తెలిసిపోయింది. అతను ముట్టని మూట, రాని సెలవు, రెండు వాక్యాల ఉత్తరం. అతనికి ఈ లోకంలో మిగిలింది ఒక ట్రంకు పెట్టె, ఆమె తన చేత్తో పేరు రాసి మూలన పెట్టిన ఈ మూట. సముద్రం ఆ పేరు చదివి, తన వాటా అక్కడ పుచ్చుకుని సరిపెట్టుకుంది. ఆఖరికి ఆమె రాయడం నేర్చుకున్న ఆ రెండు మాటలే భూమికి అడ్డం పడ్డాయి.

అప్పుడు కూర్చుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఏడాదిగా తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి ఏడ్చింది. పటేలు దగ్గరికొచ్చి, రిజిస్ట్రేషను ఇంకో రోజు పెట్టుకుందాం లేవమ్మా అన్నాడు.

"ఇంకో రోజు లేదు పటేలా. భూమి ఇయ్య." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇది నాకిచ్చిండు."

పెట్టె మూడు వారాలకి వచ్చింది, శవంతో పాటు. గొంగడి ఆమె కప్పుకుంది. సోమేశ్వరరావు వచ్చే నెల సెలవు పెట్టి రాజోలు పోతున్నాడని, కొబ్బరితోట కాగితాలు ఏవో ఉన్నాయని, మల్లేష్ రాసిన ఉత్తరంలో ఉంది.

మరుసటి ఏడు పసుపు తవ్వినప్పుడు గౌరవ్వ ఎవరి పేరునా వాటా తియ్యలేదు. మొదటి కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి, చిటికెడు తన పప్పులోనే వేసుకుంది. గిన్నె బంతిపువ్వు రంగుకి తిరిగింది. మూలనున్న మూట విప్పి ఒక తెల్లటి కొమ్ము తీసి, రోట్లో నలిపి, ఉప్పుగా వేసి, ఒక్కతే కూర్చుని తింది.